ఇంట్లో చుట్టపొగ ఆడవాళ్లకు తగలకుండా ఎలా చేయాలి?

కొండపి, పొదిలి వైపు ఊళ్లలో పొగాకే పంట, పొగాకే డబ్బు. అలాంటి ఇంట్లో చుట్ట మీద ఎవరైనా నోరెత్తితే గొడవే. కాబట్టి ‘మానెయ్’ అని మొదలుపెట్టకండి. ముందు పొగను గడప దాటించండి, మానిపించే సంగతి తర్వాత చూడొచ్చు.

మొదటి పని, పొగ ఎటు పోతోందో గమనించడం. మామ వసారాలో నులకమంచం మీద కూర్చుని కాలుస్తుంటే బయటే కదా అనుకుంటాం. తలుపు తీసి ఉంటే అది నేరుగా నడింట్లోకి వస్తుంది. పైగా దమ్ముకీ దమ్ముకీ మధ్య వేళ్ల సందున చుట్ట ఊరికే కాలుతుంటుంది చూడండి, ఆ పొగలోనే విషం ఎక్కువ. ఫ్యాను దాన్ని ఇల్లంతా పంచుతుంది, అగరొత్తి వాసనను మాత్రమే కప్పుతుంది.

తర్వాత చోటు మార్చండి. వసారాతో సహా ఇంట్లో ఎక్కడా కాల్చకూడదు, చుట్టాలొచ్చినా ఇదే లెక్క. వేపచెట్టు కింద మంచం, మంచినీళ్లు, పీకలు వేయడానికి ఇసుక డబ్బా పెట్టండి. పెద్దాయన్ని వెళ్లగొట్టినట్టు ఉండకూడదు మరి. గడ్డివామికి మాత్రం దూరంగా ఉండాలి.

అసలు చిక్కు, ఈ మాట ఎవరు చెప్పాలన్నది. కొత్త కోడలు చెబితే ‘నువ్వా నాకు చెప్పేది’ అంటారు. అత్త చేతో, పురిటికి వచ్చిన కూతురి చేతో చెప్పించండి. కూతురైతే, “నాయనా, పసిబిడ్డ ఉంది, కాస్త చెట్టు కిందికెళ్లి కాల్చుకో” అంటే చాలు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు ఆయన ముందే విషయం ఎత్తించండి. చెప్పాల్సినవి రెండే: గర్భిణి ఈ పొగ పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టొచ్చు; చుట్ట ముట్టని ఆడమనిషికి కూడా ఇంట్లో పొగ వల్ల గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుంది.

కాల్చి వచ్చాక నోరు, చేతులు కడుక్కుని, కండువా మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. గుడ్డలకు పట్టిన పొగ మడ్డి అంత తొందరగా పోదు.

ఇక మీ సంగతి. కట్టెల పొయ్యి కూడా ఉంటే రెండు పొగలూ మీ మీదే పడతాయి. గ్యాస్ ఉంటే దాన్ని పండక్కి దాచకండి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే టీబీ ఉందేమో తెలుసుకోవడానికి పీహెచ్‌సీలో కళ్లె పరీక్ష చేయించుకోండి, ఉచితమే. డాక్టరు “పొగ తాగుతావా?” అని అడిగితే లేదని ఊరుకోవద్దు. “మా ఇంట్లో కాలుస్తారు” అని కూడా చెప్పండి. పచ్చాకు పనికి వెళ్లేవాళ్లకు తల తిప్పి వాంతులైతే అది వేరే సంగతి. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఎక్కుతుంది, చేతులకు గ్లౌజులు వేసుకోవాలి.

ఆయనే మానతానంటే సిగరెట్ పెట్టె మీద ఉండే, మానడానికి సాయం చేసే నంబరు 1800-11-2356కి ఫోన్ చేయించండి, డబ్బులు పడవు. కాకపోతే పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు కాపలా ఉండే రోజుల్లో ఈ ఊసెత్తకండి. నిద్రలేమి, రేటు టెన్షన్ మధ్య ఎవరూ మానలేరు. ఆఖరి బేళ్లు వేలానికి వెళ్లి, డబ్బు చేతికొచ్చాక అడగండి.