పై దవడ సర్జరీ ప్లానింగ్: కింది దవడ ఎటు తిరుగుతుందో ముందే లెక్కగట్టడం

లీఫోర్ట్ 1 కోతతో (పళ్ల వేర్ల పైన అడ్డంగా కోసి పై దవడను వేరుచేసే కోత) పై దవడను పైకి జరిపితే కింది దవడ కీలు దగ్గర తిరుగుతూ పైకీ ముందుకీ వస్తుంది. పై దవడను కిందికి దింపితే గడ్డం కిందికీ వెనక్కీ పోతుంది. ఎంత దూరం అన్నది మీరు తిరిగే కేంద్రాన్ని ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా సెంట్రిక్ రిలేషన్‌లో (కింది దవడ కీలు తన గుంతలో సరిగ్గా కూర్చున్న స్థితిలో), పళ్లు తగలడానికి కాస్త ముందే ఆపి, పలచటి వ్యాక్స్‌తో బైట్ (రెండు దవడల పళ్లు ఎదురెదురుగా ఉండే తీరు అచ్చు) తీసుకోండి. వ్యాక్స్ మందమయ్యే కొద్దీ ఆర్టిక్యులేటర్ (దవడ అచ్చులను బిగించి తిప్పే పరికరం) మీద దవడను ఎక్కువ తిప్పాలి, కేంద్రంలోని తప్పూ అంత పెరుగుతుంది.

సెఫలోగ్రామ్ (తలను పక్కనుంచి తీసిన ఎక్స్‌రే) ట్రేసింగ్ మీద కాండైల్ (కీలులో తిరిగే కింది దవడ కొన) నడిమధ్యనే కేంద్రంగా పెట్టడం చాలామందికి అలవాటు. కింది ముందుపన్ను అంచు కాండైల్‌కు 80 మి.మీ. ముందు, 50 మి.మీ. కింద ఉందనుకుందాం. అది 5 మి.మీ. పైకి వెళ్లాలంటే దవడ సుమారు 3.5 డిగ్రీలు తిరుగుతుంది, అంచు 2.9 మి.మీ. ముందుకొస్తుంది. అసలు కేంద్రం కాండైల్‌కు 10 మి.మీ. వెనక, 20 మి.మీ. కింద ఉంటే? ముందుకొచ్చేది 1.5 మి.మీ. మాత్రమే. కేంద్రం ఇలా వెనకా కిందా పడటం అరుదు కాదు, మనిషి మనిషికీ మారుతుంది కూడా. పై దవడకే ముందు సర్జరీ చేసే కేసులో స్ప్లింట్ (కింది పళ్లను బట్టి పై దవడను కూర్చోబెట్టడానికి పళ్ల మధ్య పెట్టే పలక) ఈ తేడాను అలాగే మోసుకెళ్తుంది: పై దవడ ప్లాన్ కన్నా 1.4 మి.మీ. వెనక కూర్చుంటుంది.

రోగి సొంత కేంద్రం కావాలంటే, నోరు మూసి ఒకటి, కొద్దిగా తెరిచి ఒకటి ట్రేసింగ్ తీసి, కపాలం అడుగు రేఖల మీద కలపండి. ఒక్కో బిందువు రెండు స్థానాలను గీతతో కలిపి, దాని మధ్యలో లంబం గీయండి. రెండు లంబాలు కలిసేచోటే కేంద్రం. బిందువులుగా ముందుపన్ను అంచునూ గోనియాన్‌నూ (కింది దవడ వెనక మూల) తీసుకోండి. పన్నూ గడ్డమూ తీసుకుంటే లంబాలు దాదాపు ఒకే దిశలో వెళ్లి, కలిసేచోటు స్పష్టంగా దొరకదు. నోరు ఎక్కువ తెరిస్తే కాండైల్ ముందుకు జారుతుంది, లెక్క చెడుతుంది. మరీ తక్కువ తెరిచినా ఇబ్బందే: పన్ను దగ్గర 6 మి.మీ. కదలికలో గీత అర మిల్లీమీటర్ పక్కకు తప్పితే లంబం కాండైల్ దగ్గర 8 మి.మీ. దాకా తప్పుతుంది. అందుకే రెండు మూడుసార్లు గీసి సగటు తీసుకోవాలి.

థియేటర్‌లో మత్తులో, వెల్లకిలా ఉన్న రోగి కాండైల్ వెనక్కి జారవచ్చు. పై దవడను స్ప్లింట్‌తో కింది దవడకు కట్టి తిప్పేటప్పుడు వెనకవైపు ఎముక ముందుగా తగిలితే కాండైల్ గుంతలోంచి కిందికి దిగుతుంది. ప్లేట్లు వేసి, కట్టు విప్పగానే ముందు పళ్లు కలవకపోవడం దీని గుర్తు. అప్పుడు ప్లేట్లు తీసి, ఆ ఎముకను తగ్గించి మళ్లీ బిగించాలి. ఎత్తు కొలవడానికి ముక్కు మూలంలో పెట్టిన పిన్‌నే నమ్మండి; కోత పక్కన ఎముక మీది గీతలు పై దవడ ముందుకు జరిగినప్పుడు మోసం చేస్తాయి.

రెండు దవడలకూ సర్జరీ ఉండి, బైట్ రికార్డు మీద నమ్మకం కుదరకపోతే కింది దవడతో మొదలుపెట్టడం మేలు. అప్పుడు పై దవడ చోటు ఆ బైట్ మీద అంతగా ఆధారపడదు. కానీ కింది దవడ ఫిక్సేషన్ (ఎముక బిగింపు) గట్టిగా ఉండాలి, అది కదిలితే తర్వాతి మెట్టంతా తప్పుతుంది.