కొత్త జాయింట్ షాఫ్ట్ వేశాక లారీ కొట్టుకుంటోందా, వణుకుతోందా?

ఆటోనగర్‌లో ఒకే లారీ నెల తిరక్కుండా రెండోసారి గేర్‌బాక్స్ వెనక ఆయిల్ సీల్ మార్పించుకోవడానికి వస్తే నేను సీల్ సంగతి అడగను. జాయింట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ తిప్పుడును వెనక ఇరుసుకు అందించే పొడవాటి గొట్టం) ఎప్పుడు మార్చారు, కొలత ఎలా తీశారు అని అడుగుతాను.

సమస్య: లోడుతో గోతిలో పడగానే కింద ధన్‌మని దెబ్బ, తర్వాత సీల్ కారడం.

కారణం చాలాసార్లు షాఫ్ట్ పొడవు ఎక్కువవడమే. కమాన్ పట్టీలు అణిగి హౌసింగ్ (వెనక ఇరుసు పెట్టె) పైకి లేచినప్పుడల్లా గేర్‌బాక్స్‌కీ హౌసింగ్‌కీ మధ్య దూరం మారుతుంది. ఆ మార్పును స్లిప్ జాయింట్, అంటే షాఫ్ట్‌లో పళ్ల మీద లోపలికీ బయటికీ జారే అతుకు, మింగాలి. అందులో చోటు లేకపోతే దెబ్బంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీదే పడుతుంది.

పరిష్కారం: పాత షాఫ్ట్‌ను పక్కన పెట్టి దాని పొడవు రాసుకోవద్దు. నేనూ ఒకసారి అలాగే చేశాను. ఆ షాఫ్ట్‌ను అంతకుముందే ఎవరో కోసి వెల్డింగ్ చేశారని తర్వాత తెలిసింది. పాపం, ఆ బండి యజమాని రెండుసార్లు ఖర్చు పెట్టుకున్నాడు. కొలత బండి మీదే తీయాలి. చదునైన నేల మీద లారీ తన చక్రాల మీద నిలబడి ఉండాలి. ఛాసిస్‌ను జాకీతో లేపితే హౌసింగ్ వేలాడి, లెక్క తప్పుతుంది. చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు తప్పనిసరి: షాఫ్ట్ విప్పాక గేర్‌లో ఉంచినా బండి ఆగదు, కింద మనిషి ఉంటాడు.

గేర్‌బాక్స్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం) ముఖం నుంచి హౌసింగ్ ఫ్లాంజ్ ముఖం దాకా టేపు బిగువుగా పట్టి, ఇద్దరు విడివిడిగా కొలవండి. కొత్త షాఫ్ట్‌ను స్లిప్ దగ్గర పూర్తిగా లోపలికి నెట్టి మూస్తే ఆ కొలత కన్నా కనీసం 25 మి.మీ. తక్కువ రావాలి. బండి కంపెనీ వేరే లెక్క ఇచ్చి ఉంటే అదే పాటించండి. బిగించాక ఛాసిస్ లేపి, హౌసింగ్ వేలాడినప్పుడు కూడా స్లిప్ పళ్లు బాగా లోపలే ఉన్నాయో లేదో చూడండి. పళ్లు కొద్దిగానే పట్టుకుని ఉంటే షాఫ్ట్ పొట్టిది, త్వరగా అరిగిపోతుంది.

సెంటర్ బేరింగ్ (రెండు ముక్కల షాఫ్ట్‌ను నడుమ ఛాసిస్‌కు పట్టి ఉంచే బేరింగ్) ఉన్న బండికి ముందు ముక్క, వెనక ముక్క వేర్వేరుగా కొలవాలి.

సమస్య: పొడవు సరిపోయింది, కానీ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వేగం పెంచగానే వణుకు.

స్లిప్ విప్పి మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను పక్కకు జరిగినా ఇలా అవుతుంది. మామూలు షాఫ్ట్‌కు రెండు చివరలా ఉన్న ఫోర్క్ చెవులు (క్రాస్ అనే కూడలి ముక్కను పట్టుకునేవి) ఒకే వరసలో ఉండాలి. అందుకే విప్పకముందే పెయింట్‌తో గీత గీయండి. గీత కలిసినా వణుకుతుంటే కోణాలు చూడండి: షాఫ్ట్‌తో గేర్‌బాక్స్ చేసే కోణానికీ, హౌసింగ్ చేసే కోణానికీ తేడా 1 డిగ్రీ దాటకూడదు. సెంటర్ బేరింగ్ బ్రాకెట్ కింద ఎత్తు సరిచేసే ప్యాకింగ్ ఎక్కడో పడిపోయి ఉండవచ్చు. ట్యూబ్ కోసి వెల్డింగ్ చేయించిన షాఫ్ట్‌కు బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించొద్దు.

సమస్య: రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాల నుంచి తెచ్చిన షాఫ్ట్ లేదా క్రాస్ కూర్చోవడం లేదు.

ఫ్లాంజ్ బోల్టు రంధ్రాల మధ్య దూరం, నడుమ గుండ్రటి గట్టు వ్యాసం, క్రాస్ కప్పు వ్యాసం, క్రాస్ మొత్తం పొడవు వర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) తీసి కాగితం మీద రాసి తీసుకెళ్లండి. నాలుగు రంధ్రాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, గట్టు దగ్గరే తేడా బయటపడుతుంది.

మొదటి లోడు దింపి వచ్చాక ఫ్లాంజ్ బోల్టులను టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడండి.