స్క్రాబుల్‌లో క్యూ వచ్చిందని ఏడవకండి, సగం మాటలు బెంగళూరు రోడ్డు మీదే ఉన్నాయి

బెంగళూరులో మారతహళ్ళి వచ్చిన కొత్తలో ఆదివారం సాయంత్రాలు మా బావతో స్క్రాబుల్ ఆడేవాణ్ణి, అదే, పాయింట్లున్న అక్షరాల బిళ్ళల్ని గళ్ళ బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట, ఏడాది పాటు వరసగా ఓడిపోయా. నాకేమో పెద్ద పెద్ద మాటలొచ్చు, ఆయనకి రెండక్షరాల మాటలొచ్చు, ఈ ఆటలో గెలిచేది ఆయనలాంటి వాళ్ళే. లిస్టు బట్టీ పడదామని కూర్చుంటే పొద్దున్నకి అంతా మర్చిపోయేవాణ్ణి, చివరికి రోజూ కళ్ళబడే వాటికి ఒక్కో మాటని తగిలించుకున్నాక గానీ నిలబడలేదు. అదెలాగో చెప్తా.

ఆటకి ముందే ఏ డిక్షనరీయో తేల్చుకోండి, లేకపోతే సగం ఆట తగువులోనే పోతుంది. మన దేశంలో టోర్నమెంట్లకి కాలిన్స్ లిస్టు వాడతారు, అమెరికా వాళ్ళది వేరే. నేను ఇక్కడ చెప్పేవి కాలిన్స్ ప్రకారం. ఆ లిస్టు 2019 ఎడిషన్‌లో రెండక్షరాల మాటలు 127, ముందు వీటి సంగతి చూడండి, మిగతావి తర్వాత.

ఇప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ముందున్న బండి నంబర్ ప్లేట్ చూడండి. కర్ణాటక కే-ఏ. అది కూడా మాటే, పాత ఈజిప్టు వాళ్ళ నమ్మకంలో మనిషిలో ఉండే ప్రాణశక్తి లాంటిది. ఒడిశా బండి కనిపిస్తే ఓ-డీ, ప్రకృతంతా నిండి ఉంటుందని పంతొమ్మిదో శతాబ్దంలో ఒకాయన ఊహించిన శక్తి. అరుణాచల్ ఏ-ఆర్ అంటే ఆర్ అనే అక్షరం పేరు, లడఖ్ ఎల్-ఏ అంటే పాశ్చాత్య సంగీతంలో మన సరిగమల్లాంటి ఒక స్వరం. చండీగఢ్ సీ-హెచ్ కూడా చెల్లుతుంది, ఇంగ్లండ్ పాత యాసలో నేను అని అర్థం, కానీ అమెరికా లిస్టులో ఇది లేదు జాగ్రత్త. మన ఏ-పీ, టీ-ఎస్, టీ-జీ మాత్రం ఒక్కటీ చెల్లదు, ఈ అన్యాయం ఎవరితో చెప్పుకోవాలో తెలీదు.

ఇక ఈ ఊళ్ళో ఎవర్ని కదిపినా ఏ-ఐ, ఏ-ఐ అంటారు కదా, స్క్రాబుల్‌లో అది దక్షిణ అమెరికా చెట్లకి వేలాడుతూ బద్ధకంగా బతికే మూడు గోళ్ళ జంతువు, స్లాత్. ఈ అర్థం ఒక్కసారి వింటే జన్మలో మర్చిపోరు. ఏ-ఏ అంటే గరుకుగా గడ్డకట్టిన లావా, హవాయి వాళ్ళ మాట. ఎక్స్-యూ ఒకప్పటి వియత్నాం చిల్లర డబ్బు. జెడ్-ఓ అంటే జడలబర్రెకీ ఆవుకీ పుట్టింది. ఓ-ఎమ్, మన ఓంకారమే, నాలుగు పాయింట్లు.

క్యూ దగ్గరే అందరూ జడుస్తారు. వంద బిళ్ళల్లో క్యూ ఒకటే, పది పాయింట్లు, యూ లేకుండా కదలదని మనకి బళ్ళో నేర్పారు, అదే కొంప ముంచింది. క్యూ-ఐ గుర్తుపెట్టుకోండి, చైనా వాళ్ళు ఒంట్లో తిరిగే ప్రాణశక్తి అంటారే అది. అక్షరం పాయింట్లు మూడింతలయ్యే ట్రిపుల్ లెటర్ గడి కింద ఆల్రెడీ ఒక ఐ ఉందనుకోండి, ఆ గడిలో క్యూ పెట్టి పక్కన ఇంకో ఐ పెడితే అడ్డంగా 31, నిలువుగా 31, రెండు బిళ్ళలకే 62. నేను మొదటిసారి ఇలా వేసినప్పుడు మా బావ "ఏరా, ఇది నువ్వు కల్పించింది కాదు కదా" అన్నాడు, "డిక్షనరీ నీ చేతిలోనే ఉంది కదా బావా, చూసుకో" అన్నా. క్యూ-ఏ-టీ అంటే యెమెన్ వాళ్ళు మన తాంబూలం లాగా దవడన పెట్టుకునే మత్తు ఆకు. క్యూ-ఏ-ఎన్-ఏ-టీ, ఖనాత్, భూమి లోపల సొరంగం తవ్వి నీళ్ళు పారించే పద్ధతి, బీదర్ దగ్గర నౌబాద్‌లో కరేజ్ అని ఉంది చూడండి, అదే ఇది. బుర్ఖా, నిఖాబ్, తలాక్, ఫకీర్ ఇవన్నీ క్యూతో రాస్తే చెల్లుతాయి, యూ వచ్చేది బుర్ఖాలోనే, అది కూడా క్యూ పక్కన కాదు. ఖవ్వాలీ అయితే చేతిలో ఉండే ఏడు బిళ్ళలూ ఒకేసారి పోతాయి, 22 కి అలా ఏడూ వేసినందుకు వచ్చే బోనస్ 50 కలిపితే 72, కానీ ఉన్న రెండు డబ్ల్యూలూ మనకే రావాలి, అంత అదృష్టం ఉంటే లాటరీ కొనుక్కోవచ్చు.

తర్వాత టిఫిన్ సెంటర్. ఇడ్లీ, దోశ చెరో ఐదు పాయింట్లు, వడ ఎనిమిది, కాబట్టి ఇడ్లీ వేసే ముందు వడ దొరుకుతుందేమో చూసుకోండి. బిర్యానీకి వై పెట్టినా, వై బదులు ఇంకో ఐ పెట్టినా ఏడక్షరాలే, రెండూ చెల్లుతాయి. ఇంకో తమాషా, లక్ష అనే లాఖ్ 11, కోటి అనే క్రోర్ ఏడే. కే, హెచ్ లాంటి బరువైన అక్షరాలు ఉండటం వల్ల అన్నమాట.

అచ్చులు లేకుండా ఇరుక్కుంటే సీ-డబ్ల్యూ-ఎమ్, కూమ్ అని పలకాలి, వేల్స్‌లో కొండల మధ్య లోయ. అన్నీ అచ్చులే వస్తే ఎమ్-ఐ-ఏ-ఓ-యూ, పిల్లి మ్యావ్, నాలుగు అచ్చులు ఒక్క దెబ్బకి పోతాయి. నిద్ర గురక మూడు జెడ్‌లూ చెల్లుతుంది, కాకపోతే జెడ్ ఒకటే కాబట్టి ఏ అక్షరంగానైనా వాడుకోదగ్గ రెండు ఖాళీ బిళ్ళలూ తగలేయాలి, అంత ఖర్చు పెట్టి వచ్చేది పది పాయింట్లు, వద్దు.

రోజుకి ఐదు మాటలు చాలు, ఫ్రిజ్ మీద రాసుకోండి, అర్థంతో సహా. న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే మాటల లిస్టు నేర్చుకుని 2015 లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, అర్థాలతో ఆయనకి పన్లేదు, ఆ బుర్ర వేరు. మనకి అర్థం లేకపోతే మాట నిలవదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది బాండికూట్. మన పందికొక్కే, తెలుగు నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళింది. తొమ్మిదక్షరాలు కదా ఒకేసారి ఎలా వేస్తారు అంటారేమో, సీ-ఓ-ఓ-టీ, కూట్ అని ఒక నీటిపక్షి ఉంది, ఎవరైనా అది పెడితే దాని ముందు ఐదు గడులు ఖాళీగా ఉన్నాయో లేదో చూసి బీ-ఏ-ఎన్-డీ-ఐ తగిలించేయడమే. మా బావ ఇంతవరకూ కూట్ పెట్టలేదు. పెడతాడు, నేను చూస్తూనే ఉన్నా.