దసరాకి సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా? కన్సల్టెన్సీకి వెళ్ళేముందు ఇవి చూసుకోండి

వరద తీసి గోదావరి లంకల్లో బురద ఆరేసరికి దసరా వచ్చేస్తుంది. ఆ పండక్కి జనం ఎక్స్‌ఛేంజ్‌లో కొత్త బళ్ళు తీసుకుంటారు కాబట్టి పాతవన్నీ రావులపాలెం, తణుకు, భీమవరం, అమలాపురం కన్సల్టెన్సీల (పాత బళ్ళు కొని అమ్మే షాపుల) ముందు పాలిష్ కొట్టించుకుని వరసగా నిలబడతాయి. బేరానికి మంచి టైమే. కాకపోతే నీళ్ళలో నానిన బండి కూడా అదే వరసలో, అదే పాలిష్‌తో ఉండొచ్చు. "కాస్త చూసి చెప్పండి" అని బతిమాలితే డీలరు వెయ్యి తగ్గిస్తాడు, ఆ వెయ్యి మీకోసం ముందే కలిపి పెట్టుకున్నదే. ఫలానాది పోయింది, దానికి ఇంతవుతుంది అని వేలుపెట్టి చూపిస్తేనే అసలు రేటు కదులుతుంది.

పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి. వస్తున్నామని ఫోన్ చేస్తే ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచుతారు, అప్పుడు ఏ ఇంజనైనా మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే టీ తాగొస్తామని చెప్పి గంట ఆగి రండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని అర్థం.

మునిగిన బండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్ళే మునిగాయి, బళ్ళ సంగతి చెప్పాలా. అంత వరద రాకపోయినా ఏటా ఎక్కడో ఒకచోట కాజ్‌వే మీదో పెరట్లోనో కొన్ని నానుతూనే ఉంటాయి. పైన ఎంత కడిగినా సీటు కింద ఫ్యూజుల మూలల్లో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున, హెడ్‌లైట్ అద్దం లోపల సన్నటి ఒండ్రు గీతలా ఉండిపోతుంది. సీటు తీయమనండి. తీయడానికి మొహమాటపడ్డాడంటే సగం జవాబు దొరికినట్టే. ఆయిల్ పోసే మూత విప్పి దాని అడుగు చూడండి, పాలు ఎక్కువైన టీలా తెల్లగా మురికిగా ఉంటే ఇంజన్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉండొచ్చు. అలాంటి బండికి బేరమే వద్దు, పది వేలు తగ్గించినా వద్దు. వైరింగ్ అప్పటికి బాగానే ఉంటుంది, నెలల తర్వాత ఒక్కో లైటూ ఆరిపోవడం మొదలవుతుంది.

సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు బండి, లేదా రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసిన బండి అయితే ఉప్పు తుప్పు చూడాలి. ట్యాంకు తళతళ చూసి మోసపోకుండా వంగి వెనక మడ్‌గార్డ్ లోపల, స్టాండ్ మడత దగ్గర, సైలెన్సర్ అడుగున చూడండి. అయిదేళ్ళ బండికి కింద మాత్రమే కొత్త నల్లరంగు ఎందుకు వేశారో అడగండి. ఏం చెబుతాడో విని తీరాలి.

మన జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ బళ్ళన్నీ మాస్టార్లే వాడినట్టు చెబుతారు, "స్కూలూ ఇల్లూ తప్ప తిరగలేదండీ, సింగిల్ హ్యాండ్" అని. మీటర్ 14 వేలు చూపిస్తుంది. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి, 1424 అని ఉంటే 2024లో 14వ వారం తయారైన టైరు. బండేమో 2020ది. 14 వేలకే టైర్లు అరిగాయా, లేక మీటర్ వెనక్కి తిరిగిందా అని నవ్వుతూనే అడగండి. కాలి కింద రబ్బర్లు నున్నగా అయ్యాయేమో కూడా చూడండి, మీటర్ తిప్పినవాళ్ళు వాటి జోలికి వెళ్ళరు.

ఇక రేటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకూ కొత్త బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొంతమంది డీలర్లు ఇంకా పాత బిల్లు చూపించి లెక్క చెబుతారు, కాబట్టి షోరూంలో ఇవాళ్టి ఆన్‌రోడ్ రేటు కనుక్కుని వెళ్ళండి. చైన్ సెట్టు, టైర్లు, బ్యాటరీ ధరలు కూడా స్పేర్ పార్ట్స్ షాపులో అడిగి కాగితం మీద రాసుకోండి. మీ బడ్జెట్ ఎంతో మాత్రం చచ్చినా చెప్పకండి, "ఎంతలో చూస్తున్నారండీ" అంటే "బండిని బట్టి" అనండి చాలు. ఆయన 48 అంటే మీరు వెంటనే 45 అనకుండా, టైర్లకింత, చైన్‌కింత అని కాగితం చదివి 37 అనండి, తర్వాత ఊరుకోండి. ఆ మౌనం మనవాళ్ళు భరించలేరు, మనమే "పోనీ ఇంకో వెయ్యి" అనేస్తాం. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందంటే వాళ్ళకే ఇచ్చేయమనండి. ఈఎంఐ మాట ఎత్తితే మొత్తం ఎంతవుతుందో రాసిమ్మనండి. బండి మీద మోజుపడ్డ కుర్రాణ్ణి బేరం రోజు ఇంట్లోనే ఉంచండి, డీలరు మీ మాట వినడు, వాడి మొహం చూస్తాడు. మెకానిక్‌ని మీ ఊరి నుంచే తీసుకెళ్ళండి, ఆ వీధిలో మెకానిక్‌కి డీలరు దగ్గర కమీషన్ ఉండొచ్చు.

రేటు కుదిరాక అందరూ మెత్తబడతారు, అసలు టెన్షన్ అక్కడే. ట్రాన్స్‌ఫర్ ఖర్చు రేటులో కలిసిందో లేదో అప్పుడే తేల్చండి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు సీ బుక్ (ఆర్‌సీ)తో కలిపి చూడండి, ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఫైనాన్స్ ఉందేమో, పోలీసు ఈ-చలానా సైట్‌లో బాకీలున్నాయేమో చూడండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి రాకుండా అడ్వాన్స్ కూడా వద్దు. పేరు మార్పిడికి సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు డీలరు సొరుగులో ఉంటాయి సరే, సీ బుక్‌లో పేరున్న మనిషి ఎక్కడున్నాడు? కోనసీమలో చాలా ఇళ్ళ నుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళున్నారు. ఓటీపీ అతని ఫోన్‌కి వెళ్తుంది, అతను కువైట్‌లో ఉంటే మీరు నెలల తరబడి తిరగాలి. డీలరు ముందే ఆ ఓనరుకి ఫోన్ కలిపి మాట్లాడించమనండి. పీవై 04 నంబరుంటే అది యానాం బండి, చవగ్గా కనిపిస్తుంది కానీ ఆంధ్రాకి మార్చాలంటే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలుస్తాయి, అది కూడా బేరంలో పెట్టండి.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. అయిదారు వేలు ఆపి, సీ బుక్ మీ పేరుకి మారాక ఇస్తామని రాసుకోండి, ఒప్పుకోకపోతే పక్క కన్సల్టెన్సీ ఉంది. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి. బండి తెచ్చుకునేటప్పుడు డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైమ్ కూడా వేయించి సంతకం తీసుకోండి, ఆ టైమ్‌కి ముందు పడిన చలానాలు, జరిగిన యాక్సిడెంట్లు మీ నెత్తిన పడకుండా.