హేట్-యాష్‌బరీకి వెళ్లే ముందు కారు ఖాళీ చేయండి

శాన్ ఫ్రాన్సిస్కోలో హిప్పీల పేటగా పేరుపడ్డ హేట్-యాష్‌బరీకి అమ్మానాన్నలను తీసుకెళ్లాలంటే చాలామంది జంకుతారు. ఫుట్‌పాత్ మీద కుక్కను పక్కన పెట్టుకుని కూర్చున్న జులపాల కుర్రాళ్లను చూసి భయం. నిజానికి వాళ్లతో వచ్చే ఇబ్బంది తక్కువే. చిల్లర అడిగితే ‘సారీ’ అని నడిచిపోతే సరిపోతుంది, అడక్కుండా ఫొటో తీస్తేనే గొడవ. డబ్బు పోయేదీ, రోజంతా పాడయ్యేదీ ఎక్కువగా పార్క్ చేసిన కారు దగ్గరే.

కారు అద్దం పగలడానికి కొన్ని సెకన్లు చాలు. వెనక డోరు పక్కనుండే చిన్న అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి, వెనక సీటు మడిచి డిక్కీలో ఏముందో చూసేస్తారు. కాబట్టి ‘డిక్కీలో పెట్టాం కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. పార్క్ చేశాక డిక్కీ తెరిచి బ్యాగులు సర్దడం మరీ ప్రమాదం, ఎక్కడేముందో మీరే చూపించినట్టు. ఎయిర్‌పోర్ట్ నుంచి సూట్‌కేసులతో నేరుగా ఇటు రాకండి. సీటు మీద ఛార్జర్ వైరు, పాత జాకెట్, ఖాళీ షాపింగ్ సంచి కూడా ఉంచొద్దు. కింద ఏదో దాచారనుకుంటే అద్దం పగిలినట్టే. పాస్‌పోర్ట్, ఐ-20 (విద్యార్థి వీసాకు కాలేజీ ఇచ్చే పత్రం) లాంటి కాగితాలు ఇంట్లోనే ఉంచి, వాటి ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి. ఒకవేళ పోతే పోలీస్ రిపోర్ట్ ఆన్‌లైన్‌లోనే ఇవ్వొచ్చు. కొత్త పాస్‌పోర్ట్‌కీ, ఇన్సూరెన్స్‌కీ దాని కాపీ కావాలి. అద్దం ఖర్చు కారు పాలసీ కాంప్రిహెన్సివ్ కవరేజీ కిందికి వస్తుంది. లోపల పోయిన లాప్‌టాప్ మాత్రం మామూలుగా దాని కిందికి రాదు, అద్దె ఇంట్లో సామానుకు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటే అందులో అడగాలి.

కారు ఆపే చోట ఫుట్‌పాత్ అంచు రంగు చూడండి. ఎరుపు దగ్గర అసలు ఆపకూడదు. పసుపు సరుకుల బళ్లకు, తెలుపు మనుషులను ఎక్కించి దించడానికి, ఆకుపచ్చ కొద్ది నిమిషాలకు, నీలం వికలాంగుల పర్మిట్ ఉన్నవాళ్లకు. రంగు లేని చోట కూడా స్తంభం మీది బోర్డు చదవాలి: వీధులూడ్చే వేళలు, స్థానికుల పార్కింగ్ పర్మిట్ లేనివాళ్లకు రెండు గంటల పరిమితి దాని మీదే ఉంటాయి. ఎవరి డ్రైవ్‌వేకైనా బంపర్ అడ్డొస్తే కారును లాక్కెళ్లిపోతారు. ఇక్కడి వీధుల్లో వాలు ఎక్కువ. 3 శాతం దాటిన వాలులో చక్రాలు తిప్పి ఆపకపోతే టికెట్ పడుతుంది. ముక్కు పల్లం వైపుంటే చక్రాలు ఫుట్‌పాత్ వైపు తిప్పాలి, ఎగువ వైపుంటే రోడ్డు వైపు. హ్యాండ్ బ్రేక్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే కారు మీ దగ్గరి రైలు స్టేషన్లోనే వదిలేయండి. తూర్పు బేలోని ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో సివిక్ సెంటర్ దాకా వచ్చి, మార్కెట్ స్ట్రీట్‌లో 7వ నంబర్ బస్సెక్కితే హేట్ స్ట్రీట్ మీదే దిగొచ్చు. శాన్ హోసే వైపు నుంచి కాల్‌ట్రైన్ అనే రైల్లో వచ్చేవాళ్లకు నగరంలో తిరిగే ఎన్ జూడా రైలుంది, కార్ల్-కోల్ మూలలో దిగి కాస్త నడవాలి. కానీ వీధి స్టాపుల్లో ఆ రైలుకు మెట్లుంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బస్సే మేలు, అది పక్కకు వంగి ఎత్తు తగ్గుతుంది. మ్యాప్‌లో వట్టి ‘హేట్ స్ట్రీట్’ అని కొడితే ఫిల్‌మోర్ వైపున్న లోయర్ హేట్‌కు తీసుకెళ్లవచ్చు, యాష్‌బరీ మూల అని కొట్టండి. ‘హైట్’ అని అడిగితే స్థానికులు తికమకపడతారు, పలికేది ‘హేట్’ అనే.

ఎండాకాలమని పల్చటి చీరలో, షార్ట్స్‌లో రావడం మరో పొరపాటు. లోపలి లోయలు వేడెక్కిన కొద్దీ సముద్రం మీది చల్లగాలి నగరం వైపు దూసుకొస్తుంది, పొగమంచు దాని వెంటే. ఫ్రీమాంట్‌లో చెమటలు కక్కే జూలై మధ్యాహ్నం ఇక్కడ స్వెటర్ లేకుండా నిలబడలేరు. తలా ఒక గాలి ఆపే జాకెట్, పెద్దవాళ్లకు చెవులు కప్పే స్కార్ఫ్ తప్పనిసరి. వెచ్చగా చూడాలంటే సెప్టెంబర్, అక్టోబర్ మంచివి.

గంజాయి వాసన ముక్కుకు తగులుతూనే ఉంటుంది. 2018 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు దుకాణాల్లో అమ్ముతున్నారు, కానీ వీధిలో, పార్కులో తాగడం ఇప్పటికీ చట్టవిరుద్ధమే. వీసా మీద ఉన్నవాళ్లకు అసలు చిక్కు దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టంతో. కేసేమీ లేకపోయినా, వాడానని ఇమ్మిగ్రేషన్ అధికారి దగ్గర ఒప్పుకుంటే దేశంలోకి రానివ్వకపోవచ్చు. ఇండియాకు తీసుకెళ్తే అక్కడి మాదకద్రవ్యాల చట్టం ఉండనే ఉంది. ఎవరైనా ఊరికే ఇచ్చిన గమ్మీలు (జెల్లీ మిఠాయిలు), కుకీలు, చాక్లెట్లు తినకండి, వాటిలో గంజాయి కలిపి ఉండొచ్చు, పిల్లల చేతికి అసలే ఇవ్వకండి. లైసెన్సున్న ప్యాకెట్‌లోనైతే మత్తు పదార్థం (టీహెచ్‌సీ) ముక్కకు 10 మిల్లీగ్రాములు మించకూడదు, వీధిలో ఇచ్చినదానికి లెక్కే లేదు. తిన్నాక మత్తు తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, పనిచేయట్లేదని ఇంకొకటి తినడం వల్లే చాలామంది ఆసుపత్రి పాలవుతారు. పిల్లలు తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కు ఫోన్ చేయండి. మత్తుగా పడిపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా 911.

హేట్ స్ట్రీట్ మీద స్టానియన్ నుంచి మసోనిక్ దాకా దుకాణాల వరస అర మైలే, దాదాపు చదునుగా ఉంటుంది. 11 గంటలకు మొదలుపెడితే చాలు, అంతకుముందు చాలా షట్టర్లు లేవవు. పాత బట్టలు కొంటే చంక కుట్లు, జిప్పు చూసి, తప్పక వేసుకుని చూడండి. 1970ల నాటి సైజు అదే అంకె ఉన్న నేటి సైజు కన్నా బిగుతు. చాలాచోట్ల వాపసు ఉండదు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం ఒకప్పుడు ఉన్న 710 యాష్‌బరీ ఇంట్లో ఇప్పుడు మామూలు కుటుంబాలు ఉంటున్నాయి, ఎదుటి ఫుట్‌పాత్ నుంచే చూడండి, మెట్లెక్కకండి. పెద్దవాళ్లకు నచ్చే ముచ్చట ఫ్రెడరిక్ స్ట్రీట్‌ది: ఇస్కాన్ స్థాపకులు ప్రభుపాదుల కృష్ణ మందిరం 1967లో ఆ వీధిలోనే ఉండేది, అదే ఏడాది జూలైలో లారీ మీద రథయాత్ర కూడా సాగింది.

హేట్ స్ట్రీట్ పడమటి కొసన గోల్డెన్ గేట్ పార్కు ఉంది. గడ్డిలో, పొదల పక్కన పిల్లలను చెప్పుల్లేకుండా తిరగనివ్వకండి. వాడి పారేసిన ఇంజెక్షన్ సూది కనబడితే ముట్టుకోకుండా నగర సేవల నంబరు 311కు చెప్పండి. టాయిలెట్ పార్కులోని పిల్లల ఆటస్థలం దగ్గర దొరుకుతుంది, కేఫ్‌లలో ఏదో ఒకటి కొంటేనే తాళం ఇస్తారు. ఏప్రిల్ 20న ఈ పార్కులోని హిప్పీ హిల్ దగ్గర గంజాయి గుంపులుంటాయి, పిల్లలతో ఆ రోజు వద్దు. చీకటి పడ్డాక పార్కు దారుల్లోనూ, నిటారుగా ఉండే బ్యూనా విస్టా పార్కు మెట్ల మీదా నడవకుండా హేట్ స్ట్రీట్ మీదికే వచ్చి బస్సెక్కండి.