ముక్కు దిబ్బడకు మాత్ర వేసుకోవాలంటే: ముందేం చూసుకోవాలి, ఎప్పుడు ఆపాలి?

జలుబు చేసి రెండు ముక్కు రంధ్రాలూ మూసుకుపోతే రాత్రంతా నిద్ర ఉండదు. నోటితో ఊపిరి పీల్చి పీల్చి గొంతు ఎండుకుపోతుంది. అలాంటప్పుడు ఒక మాత్ర వేసుకుని పడుకోవాలనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రెండు మూడు రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది రాదు. అయితే ఇంట్లో ఒకరికి పనిచేసిన మాత్ర ఇంకొకరికి ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

ముక్కు మూసుకుపోవడానికి చీమిడే కారణం అనుకుంటాం. అసలు ఇబ్బంది చాలావరకు ముక్కు లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బడం వల్ల వస్తుంది. అందుకే ఎంత చీదినా గాలి ఆడదు. ఈ మందులు ఆ నాళాలను బిగిసేలా చేస్తాయి, వాపు తగ్గి దారి తెరుచుకుంటుంది. కానీ మింగిన మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. మెదడు, గుండె, కిడ్నీలు, పేగుల్లోని నాళాలు కూడా ఎంతో కొంత బిగుస్తాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే.

ముందు మందు పేరు చదవండి

బ్రాండ్ పేరు పక్కన పెట్టి, పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చూడండి. సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ అనే రెండింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

సూడోఎఫెడ్రిన్ బాగా పనిచేస్తుంది, దుష్ప్రభావాలు కూడా దానితోనే ఎక్కువ తెలుస్తాయి. ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే చాలా భాగం పేగుల్లో, కాలేయంలోనే విరిగిపోతుంది, ముక్కు దాకా చేరేది తక్కువ. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ 2023 సెప్టెంబరులో దీన్ని పరిశీలించి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మోతాదులో మాత్రగా వేసుకుంటే ముక్కు దిబ్బడకు పనిచేయదని ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దాన్ని అనుమతించిన మందుల జాబితా నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. కాబట్టి ఫినైలెఫ్రిన్ మాత్రతో తేడా కనిపించకపోతే ఇంకోటి వేసుకోకండి. పనిచేయని మందును రెట్టింపు చేసినంత మాత్రాన ముక్కు తెరుచుకోదు.

అదే పెట్టె మీద ఇంకా ఏమున్నాయో చూడండి. జలుబు మాత్రల్లో చాలావరకు పారాసెటమాల్, అలర్జీ మందు, దగ్గు మందు కలిపే ఉంటాయి. జలుబు మాత్రతోపాటు జ్వరానికి విడిగా పారాసెటమాల్ కూడా వేసుకుంటే, తెలియకుండానే కాలేయానికి హాని చేసే మోతాదుకు చేరుకుంటారు. పెద్దవాళ్లకైనా అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. నన్నడిగితే ముక్కు ఒక్కటే ఇబ్బంది పెడుతున్నప్పుడు అన్నీ కలిపిన మాత్ర జోలికే వెళ్లక్కర్లేదు.

మీకు పడుతుందో లేదో తేల్చుకోండి

ఈ పని చాలామంది చేయరు. చేయాల్సింది మాత్రం ఇదే.

బీపీ సంగతి మొదట. ఆరోగ్యవంతుల్లో సూడోఎఫెడ్రిన్ వల్ల పై బీపీ సగటున 1 మి.మీ. వరకే పెరుగుతుంది. కానీ సగటు అందరికీ వర్తించదు, కొందరిలో బాగా ఎక్కువ పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు, బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. మందులతో అదుపులో ఉన్నవాళ్లు కూడా డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. గుండె జబ్బు ఉన్నా, ఇదివరకు పక్షవాతం వచ్చినా వద్దు. తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ వద్దు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ భద్రతా కమిటీ 2023 డిసెంబరులో సూడోఎఫెడ్రిన్ గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. మెదడు రక్తనాళాలు బిగిసిపోయి రక్తసరఫరా తగ్గే కేసులు అరుదుగానైనా వస్తున్నాయని, బీపీ అదుపులో లేనివాళ్లూ కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లూ దీన్ని వాడకూడదని చెప్పింది.

ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకు మూత్రం బిగుసుకుపోవచ్చు. కొన్ని రకాల నీటికాసుల (గ్లకోమా) జబ్బులో కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్లకు గుండెదడ ముదురుతుంది. షుగర్ ఉన్నవాళ్లు రక్తంలో చక్కెర మామూలుకన్నా తరచుగా చూసుకోవాలి.

వాడుతున్న మందులు కూడా చూసుకోవాలి. పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే సెలెజిలిన్, రసాజిలిన్, డిప్రెషన్‌కు ఇచ్చే ఫినెల్జిన్ లాంటివి వాడుతున్నా, అవి ఆపి 14 రోజులు గడవకపోయినా ఈ మాత్ర వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయమైన స్థాయికి పెరుగుతుంది. ఏకాగ్రత లోపానికి వాడే మిథైల్‌ఫెనిడేట్‌తో, కొన్ని మైగ్రేన్ మందులతో కూడా సమస్యే.

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు. పాలిచ్చే తల్లుల్లో సూడోఎఫెడ్రిన్ పాలు తగ్గిస్తుంది, ఒక్క 60 మి.గ్రా. మోతాదుతోనే తగ్గినట్టు పరిశోధనలో కనిపించింది. నాలుగేళ్లలోపు పిల్లలకు జలుబు సిరప్‌లు వద్దు. ఆరేళ్ల లోపు వాళ్లకు డాక్టర్ మాట లేనిదే పోయకండి. పెద్దల మాత్రను సగం విరిచి పిల్లలకు ఇవ్వడం మరీ ప్రమాదం.

పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు ఇంకో మాట: సూడోఎఫెడ్రిన్ మూత్రంలో మి.లీ.కి 150 మైక్రోగ్రాములు దాటితే డోపింగ్ కింద లెక్క.

లెక్కగా వేసుకోండి

పెద్దవాళ్లకు సూడోఎఫెడ్రిన్ సాధారణ మోతాదు 60 మి.గ్రా. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, రోజు మొత్తం మీద 240 మి.గ్రా. మించకుండా. పన్నెండు గంటలు పనిచేసే మాత్రల్లో 120 మి.గ్రా. ఉంటుంది. ఈ మాత్రను నమలకండి, విరగ్గొట్టకండి, పొడి చేయకండి. పొడి చేస్తే పన్నెండు గంటల మందు ఒక్కసారే రక్తంలోకి దిగుతుంది. మీ పెట్టె మీద ఇంతకన్నా తక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి.

ఎప్పుడు వేసుకున్నారో రాసుకోవడం మంచిది. జలుబుతో తల దిమ్ముగా ఉన్నప్పుడు మధ్యాహ్నం మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుండదు. మోతాదు మరిచిపోతే తర్వాతి సారి రెండు వేసుకోకండి. సూడోఎఫెడ్రిన్ నిద్ర చెడగొడుతుంది కాబట్టి రోజు చివరి మోతాదు సాయంత్రం పెందలాడే ముగించండి. ఆ రోజుల్లో కాఫీ, టీ తగ్గిస్తే గుండెదడ, చేతుల వణుకు తక్కువ ఉంటాయి. మాత్రలో క్లోర్‌ఫెనిరమైన్ లాంటి అలర్జీ మందు కలిసి ఉంటే మగత వస్తుంది, బండి నడపకండి.

రెండు మూడు రోజుల్లో ముక్కు తెరుచుకుంటే అక్కడే ఆపేయండి. ఈ మందు జలుబును తగ్గించదు, జలుబు తగ్గేదాకా కాస్త ఊరట ఇస్తుందంతే. వారం దాటినా వాడాల్సి వస్తోందంటే అలర్జీయో సైనస్ సమస్యో ఉండవచ్చు. దానికి వైద్యం వేరు.

మాత్ర పడనివాళ్లు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవచ్చు. కుళాయి నీళ్లు నేరుగా వాడకుండా, కనీసం ఒక నిమిషం మరిగించి చల్లార్చిన నీళ్లు తీసుకోండి. శుభ్రం చేయని నీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణాలు తీస్తుంది. పడుకున్నప్పుడు తలవైపు ఎత్తు పెంచుకోండి. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ స్ప్రేలు త్వరగా పనిచేస్తాయి కానీ మూడు రోజులకు మించి వాడితే ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆపి పరుగెత్తండి

కొంచెం గుండెదడ, నోరు ఎండడం, నిద్ర పట్టకపోవడం లాంటివి మాత్ర ఆపితే తగ్గిపోతాయి. కానీ ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, అయోమయం, ఫిట్స్, ఛాతీలో నొప్పి, కడుపునొప్పితో మలంలో రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రల పెట్టె వెంట తీసుకెళ్లండి. ఏ మాత్ర, ఎన్ని, చివరిది ఎప్పుడు వేసుకున్నారో అడగకముందే డాక్టర్‌కు చెప్పండి.