పొద్దున్నే తారు పంపు పట్టేస్తుంటే... నా అనుభవం

తారు పంపు పొద్దున్నే ఎందుకు పట్టేస్తుందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. మా హాట్‌మిక్స్ ప్లాంటులో (రోడ్డుకి తారు, కంకర కలిపే చోటు) వీజీ-30 రకం తారును తోడే జాకెట్ గేర్ పంపు (తారు గట్టిపడకుండా చుట్టూ వేడి ఆయిల్ తిరిగే తొడుగు ఉన్నది) పొద్దున ఆన్ చేయగానే మోటారు ట్రిప్ అయ్యేది, మధ్యాహ్నానికి మాత్రం ఏ గొడవా లేకుండా నడిచేది. ఓవర్‌లోడ్ రిలే (లోడ్ ఎక్కువైతే మోటారుని ఆపేది), కప్లింగ్ (మోటారునీ పంపునీ కలిపేది), స్ట్రెయినర్ (చెత్త పట్టే జల్లెడ) అన్నీ చూశాం, లాభం లేదు.

టెంపరేచర్ గన్‌తో పంపు బాడీ అంతా చూస్తే అప్పుడు దొరికింది అసలు సంగతి. కింద బాగా వేడి, పైన గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ లీకు ఆపే సీలు) వైపు చల్లగా ఉంది. థర్మిక్ ఆయిల్ (వేడిని మోసుకొచ్చే నూనె) జాకెట్‌లోకి పైనుంచి వచ్చి కిందనుంచి పోతోంది, పైన గాలి చిక్కుకుపోయింది. దాంతో అక్కడ వేడి అందక తారు గట్టిగానే ఉండి పంపు పట్టేస్తోంది.

ముందు అంతా చల్లారనిచ్చి లైన్లు మార్చాం: ఆయిల్ కిందనుంచి లోపలికి, పైనుంచి బయటికి, అన్నిటికంటే ఎత్తులో గాలి వదలడానికి చిన్న వెంట్ వాల్వ్. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే గాలి తీసేశాం, వేడెక్కాక ఆ వాల్వ్ జోలికి అస్సలు వెళ్లొద్దు, ఒళ్లు కాలిపోతుంది. తర్వాత బాడీ అంతటా 140 డిగ్రీలు దాటేదాకా ఆగి, కరెంటు ఆపే ఉంచి, కప్లింగ్ దగ్గర షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూశాం. సులువుగా తిరిగాకే, డెలివరీ వాల్వ్ తెరిచి ఉంచి స్టార్ట్ చేశాం. వేడికి ఇనుము సాగుతుంది కదా, అందుకే అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్ట్‌లు ఒకే వరసలో ఉన్నాయా అని) వేడి మీదే మళ్లీ చూసుకున్నాం.

అప్పట్నుంచి ట్రిప్ కాలేదు. మీ పంపుకీ ఇదే కారణమని చెప్పలేను, ముందు గన్‌తో చూడండి. స్టీమ్ జాకెట్ అయితే మాత్రం ఇలా మార్చొద్దు, అక్కడ ఆవిరి పైనుంచి రావాలి, అది చల్లబడి అయిన నీళ్లు కిందనుంచి దిగాలి.